నేషనల్ ల్యాబ్‌తో కలిసి డీఓఈ గ్రాంటు: ల్యాబ్ వాటా మన బడ్జెట్‌లో ఎక్కడ రాయాలి?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. ఓక్లహోమాలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి రెండో ఏడు నడుస్తోంది. ఊరు రాజమండ్రి. బ్యాటరీలో ద్రవం బదులు గట్టి పదార్థం పెట్టే పని, అంటే సాలిడ్ ఎలక్ట్రోలైట్ల మీద ఉన్నాను. మా రాష్ట్రం ఎప్స్‌కోర్ జాబితాలో, అంటే పరిశోధన నిధులు తక్కువ అందే రాష్ట్రాల జాబితాలో ఉంది. అందుకని అమెరికా ఇంధన శాఖ, అదే డీఓఈ, రాష్ట్రాల యూనివర్సిటీలనూ నేషనల్ ల్యాబులనూ కలిపి ఇచ్చే భాగస్వామ్య గ్రాంటుకు ఈసారి వేద్దామనుకుంటున్నా.

చిక్కేమిటంటే, మా గ్రాంట్స్ ఆఫీసు "ల్యాబ్ వాటాను సబ్‌అవార్డు లైన్లో పెట్టెయ్యండి" అంటోంది, అంటే డబ్బు మాకొచ్చాక అందులోంచి ల్యాబ్‌కు పంపడం. నేను మెయిల్ పెట్టిన ల్యాబ్ శాస్త్రవేత్తేమో "మీరు మాకు డబ్బు పంపలేరు, మాకు వేరే దారిలో వస్తుంది" అంటున్నాడు. ఇద్దరూ అంతే గట్టిగా చెబుతున్నారు. ఎవరి మాట వినాలి? ప్రీ-అప్లికేషన్‌కు అయిదు వారాలుంది. ఆయన్ని నేనింకా ముఖాముఖి చూడలేదు. బడ్జెట్ మాత్రం మూడు రకాలుగా ఎక్సెల్‌లో చేసి పెట్టా.

బీమ్‌లైన్_బాబాయ్:
ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది అబ్బాయ్ నీ ఎక్సెల్. మనిషినే చూడకుండా బడ్జెట్లు మూడా!

నేను ల్యాబ్ వైపు మనిషిని, పద్నాలుగేళ్లుగా. నీ శాస్త్రవేత్త చెప్పిందే నిజానికి దగ్గర. ఎందుకో చెబుతా, ఇది తెలియక చాలామంది తిప్పలు పడతారు.

డీఓఈకి 17 నేషనల్ ల్యాబులున్నాయి. అందులో ఒక్క నేషనల్ ఎనర్జీ టెక్నాలజీ ల్యాబ్ (ఎన్ఈటీఎల్)ను మాత్రమే ప్రభుత్వం నేరుగా నడుపుతుంది. మిగతా 16 చోట్లా నేల, భవనాలు, యంత్రాలు ప్రభుత్వానివి, నడిపేది కాంట్రాక్టర్. ఓక్ రిడ్జ్‌ను టెన్నెసీ యూనివర్సిటీ, బాటెల్ అనే పరిశోధన సంస్థ కలిసి పెట్టుకున్న యూటీ-బాటెల్ నడుపుతుంది. ఆర్గాన్‌ను షికాగో యూనివర్సిటీ వాళ్ల సంస్థ, ఏమ్స్‌ను అయోవా స్టేట్, బర్క్‌లీని కాలిఫోర్నియా యూనివర్సిటీ. అంటే మేం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులం కాము, అలాగని బయటివాళ్లమూ కాము. డీఓఈకి ల్యాబ్‌తో ముందే కాంట్రాక్టు ఉంది కాబట్టి మా వాటా ఆ కాంట్రాక్టు గుండానే మాకు చేరుతుంది. అది నీ యూనివర్సిటీ ఖాతాకు వచ్చి, అక్కణ్ణుంచి మళ్లీ మా దగ్గరికి రాదు. ఒక జేబులోంచి తీసి నీ చేతిలో పెట్టి, నువ్వు మళ్లీ అదే మనిషి రెండో జేబులో పెట్టడం ఎందుకని వాళ్ల లెక్క.

అయితే ల్యాబ్ వాటా కాగితం మీద ఎలా చూపాలన్నది డీఓఈ ఇచ్చే గ్రాంటు ప్రకటనను బట్టి మారుతుంది. ఒక్కోసారి రెండు సంస్థలూ ఒకే కథనంతో, ఎవరి బడ్జెట్ వాళ్లు వేసుకుని విడివిడిగా దరఖాస్తు పెడతాయి. ఒక్కోసారి ల్యాబ్ ఖర్చు మొత్తం ప్రాజెక్టు లెక్కలో కనిపిస్తుంది, చెల్లింపు మాత్రం నేరుగా ల్యాబ్‌కే పోతుంది. కొన్నిటికి అసలు ల్యాబులకే విడిగా ఇంకో ప్రకటన జత చేసి ఇస్తారు. నీ ప్రకటనలో అర్హతల భాగం, బడ్జెట్ భాగం రెండూ చదువు. పైపైన కాదు, పెన్ను పట్టుకుని.

బడ్జెట్_భారతి:
బాబాయ్ గారు చెప్పింది సరే. యూనివర్సిటీ వైపు నుంచి నేను కొంచెం కలుపుతాను. గ్రాంట్స్ ఆఫీసులోనే నా ఉద్యోగం, ఇలాంటి మెయిళ్లు వారానికి నాలుగు చూస్తాను.

గోదారి గట్టు గారూ, మీ ఆఫీసు వాళ్లు కావాలని తప్పు చెప్పడం లేదు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్ఎస్ఎఫ్), ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ గ్రాంట్లు చేసీ చేసీ పక్క సంస్థ పేరు కనపడగానే సబ్‌అవార్డు అనేస్తారు. వాళ్లకు ఒక్క మాట చెప్పండి: భాగస్వామి డీఓఈ వారి ఎఫ్ఎఫ్ఆర్‌డీసీ. ఆ మాట వినగానే తెలిసినవాళ్లెవరో పక్క గదిలోంచి వస్తారు. ఎఫ్ఎఫ్ఆర్‌డీసీ అంటే ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన కేంద్రం, ఆ 16 ల్యాబులూ ఆ కోవలోవే. ఆ శాస్త్రవేత్త మీ ప్రాజెక్టులో పనిచెయ్యడానికి ఆ ల్యాబ్‌ను చూసే డీఓఈ కాంట్రాక్టింగ్ అధికారి అనుమతి పత్రం కావాలి. అది ఒక్క రోజులో రాదు. నాకు తెలిసిన ఒక దరఖాస్తు సాయంత్రం 5 గంటల గడువుకు మధ్యాహ్నం 2 దాకా ఆ ఒక్క పేజీ కోసమే ఆగింది.

ఇప్పుడు ఓవర్‌హెడ్, అంటే భవనాలు, ఆఫీసు ఖర్చుల కింద యూనివర్సిటీ గ్రాంటు మీద వేసుకునే శాతం. మీ మూడు ఎక్సెళ్లలోనూ ఇది తప్పు ఉంటుందని పందెం. మొత్తం నేరు ఖర్చు మూడేళ్లకు 3,00,000 డాలర్లు అనుకుందాం. అందులో విద్యార్థి ట్యూషన్ 45,000, బ్యాటరీలను పరీక్షించే పొటెన్షియోస్టాట్ ఒకటి 30,000. ఈ రెండిటి మీదా ఓవర్‌హెడ్ పడదు. తీసేస్తే మిగిలేది 2,25,000. మీ యూనివర్సిటీ రేటు 50 శాతం అయితే ఓవర్‌హెడ్ 1,12,500. చాలామంది మొత్తం 3 లక్షల మీద లెక్కేసి, డబ్బు చాలడం లేదని విద్యార్థిని తీసేస్తారు! ఇంకోటి, 2024 అక్టోబర్ నుంచి పరికరం అనిపించుకోవడానికి గీత 5,000 డాలర్ల నుంచి 10,000కు పెరిగింది. మీ యూనివర్సిటీ రేటు ఒప్పందంలో అది మారిందో లేదో కనుక్కోండి. మారితే 7,000 డాలర్ల పంపు ఇక పరికరం కాదు, దాని మీదా ఓవర్‌హెడ్ పడుతుంది.

గోదారి_గట్టు:
భారతి గారూ, పందెం మీరే గెలిచారు. మూడిట్లోనూ మొత్తం మీదే వేశా. 🙏

ఒక సందేహం. 15 శాతం అన్నారు కదా 2025లో, అది పోయినట్టేనా?

బడ్జెట్_భారతి:
ఆ నెల నా జీవితంలో ఒక ఏడాది పోయింది. 2025 ఏప్రిల్ 11న డీఓఈ ఒక ప్రకటన ఇచ్చింది, యూనివర్సిటీ గ్రాంట్లలో ఓవర్‌హెడ్ 15 శాతం మించకూడదని. ఏడాదికి 40 కోట్ల డాలర్ల పైన మిగులుతుందని వాళ్ల లెక్క. యూనివర్సిటీల సంఘాలు, కొన్ని యూనివర్సిటీలు కలిసి బోస్టన్‌లో ఫెడరల్ కోర్టుకు వెళ్లాయి. ఏప్రిల్ 16న జడ్జి అలిసన్ బరోస్ ఆపారు, జూన్ 30న ఆ విధానాన్నే కొట్టేశారు. కాబట్టి మీ యూనివర్సిటీ ఒప్పందం రేటే వెయ్యండి. ప్రకటనలో వేరే రేటేమైనా రాశారేమో మాత్రం చూసుకోండి.

పై లెక్కలోనే 15 శాతం పెట్టి చూడండి: 33,750. తేడా 78,750. అది ఎవరి జేబులోకో పోయే డబ్బని బయట అనుకుంటారు. మా దగ్గర ఆ డబ్బుతోనే గ్లవ్‌బాక్సులు (గాలి తగలకుండా గ్లవ్‌లలో చేతులు పెట్టి పనిచేసే పెట్టెలు) ఉన్న భవనానికి కరెంటు, ప్రమాదకర రసాయనాల్ని ఎత్తుకెళ్లే మనిషి, నాలాంటి ఇంకో నలుగురు.

పాత టెంప్లేట్ ఎవరి దగ్గరైనా తీసుకుంటే అందులో పియర్ ప్లాన్ అని, ప్రాజెక్టులో అందరికీ చోటు ఎలా ఇస్తారో చెప్పే ఒక అనుబంధం ఉంటుంది. 2025 జనవరి నుంచి అది అడగడం లేదు, తీసెయ్యండి.

విశాఖ_వోల్ట్:
అందరూ దారి చెబుతున్నారు, ఆ దారిలో గొయ్యి ఉందని ఎవరూ చెప్పట్లేదు. నేను పడ్డాను కాబట్టి చెబుతా.

నాదీ ఇలాంటి గ్రాంటే, పేర్లు వద్దు. ల్యాబ్ వైపు మనిషి మంచోడు, మెయిల్‌కు అరగంటలో జవాబు. రెండో ఏడు మొదట్లో స్టార్టప్‌లో చేరిపోయాడు. ఆయన స్థానంలో ఇచ్చినాయనకి నా పని మీద ఆసక్తి లేదు, ఉండాలని రూలూ లేదు. నా పిల్లాడు ఆరు నెలలు ఖాళీగా కూర్చుని పాత డేటాకి గ్రాఫులు గీశాడు. ఆఖరికి ఏడాది నివేదికలో "సహకారం కొనసాగుతున్నది" అని రాయాల్సొచ్చింది. రాశాను కూడా.

అందుకే నా మాట: ల్యాబ్ లేకపోతే ఆగిపోయే పని ప్రాజెక్టుకు మెడకాయలా పెట్టకండి. ఒక పక్క భాగంగా పెట్టండి. అది రాకపోయినా మీ విద్యార్థి థీసిస్ బతకాలి.

ఇంకో విషయం. కొత్త పరిశోధకులకు డీఓఈ ఇచ్చే ఎర్లీ కెరీర్ అవార్డు అంకెలు చూశారా? యూనివర్సిటీవాళ్లకు అయిదేళ్లకు 8,75,000 డాలర్లు, ల్యాబ్ వాళ్లకు 27,50,000. మూడు రెట్లు పైనే. ఇదేం న్యాయం?

బీమ్‌లైన్_బాబాయ్:
వోల్ట్ బాబూ, మొదటి మాటకు దండం. అది మా వైపు నుంచీ నిజం, మనుషులు కదులుతుంటారు.

రెండోది మాత్రం సగం చూసి అంటున్నావు. నీకు తొమ్మిది నెలల జీతం యూనివర్సిటీ ఇస్తుంది. గ్రాంటులోంచి తీసుకునేది వేసవి నెలలదే. మాకు అలా లేదు. శుక్రవారం మధ్యాహ్నం టైమ్‌షీట్ నింపాలి. ఆ వారం నలభై గంటల్లో ఏ గంట ఏ ప్రాజెక్టు కోడ్ మీద పడిందో రాయాలి. గంటకు కోడ్ లేకపోతే ఆ గంటకు జీతం ఎక్కణ్ణుంచి తేవాలో మా గ్రూపు లీడర్ తల పట్టుకుంటాడు. జీతం, ఓవర్‌హెడ్, భద్రత, భవనం అన్నీ కలిపితే ఒక శాస్త్రవేత్త ఏడాది ఖర్చు కొన్ని లక్షల డాలర్లు. 27,50,000ను అయిదుతో భాగించు, ఏడాదికి 5,50,000. అందులో మనిషి, ఇంకో పోస్ట్‌డాక్ పడతారు, అంతే.

గోదారి గట్టూ, ఇది నీకోసం రాస్తున్నా అసలు. నీతో గంట మాట్లాడాలంటే నీ శాస్త్రవేత్తకు ఆ గంట ఎక్కడో రాసుకునే చోటుండాలి. ఆయన పలకడం లేదంటే పొగరు కాదు, కోడ్ లేదు. కాబట్టి మెయిల్లో "మీతో కలిసి పనిచెయ్యాలని ఉంది" అని రాయకు, అలాంటివి వారానికి పది వస్తాయి. ఇప్పుడు నడుస్తున్న ఆయన ప్రాజెక్టుకు నీ నమూనా ఎలా పనికొస్తుందో ఒక పేరాలో రాయి. అప్పుడు ఆ గంట ఆయన పాత కోడ్ మీదే పడుతుంది. నీకు ఉచితం.

పాలమూరు_పోరి:
అన్నా, అక్కా అందరికి నమస్తే. నేను పీహెచ్‌డీ నాలుగో ఇయర్ల ఉన్న, ఎఫ్-1 మీద. చదువుడే తప్ప రాయను ఈడ, ఇయ్యాల ఆగలేక రాస్తున్న.

మీరందరు పీఐల, అంటే ప్రాజెక్టు నడిపే సార్ల సంగతి మాట్లాడుతుండ్రు. ల్యాబ్‌ల పోయి పనిచేసేది మాలాంటోళ్లే గద. డీఓఈది ఎస్‌సీజీఎస్ఆర్ అని ఉంది, 2014 నుంచి. పీహెచ్‌డీ పిల్లలు మూడు నెలల నుంచి ఏడాది దాక నేషనల్ ల్యాబ్‌ల ఉండి థీసిస్‌ల కొంత భాగం చేసుకోవచ్చు, నెలనెల పైసలిస్తరు. మస్తుంది అని మొత్తం అప్లికేషన్ రాసి, ఆఖరికి చూస్తే సిటిజన్లు, గ్రీన్ కార్డోళ్లకే. మొదటి పేజీలనే రాసి ఉండె, నేనే సూడలే.

సరే అని మా సార్ గ్రాంట్ మీద ఒక ల్యాబ్‌కు బీమ్ టైమ్‌కు, అంటే ఆడి పెద్ద మిషన్ వాడుకోనీకి ఇచ్చిన టైమ్‌కు పోయినం. ఏ ల్యాబో చెప్ప. నాతోని అమెరికన్ పిల్ల ఒకామె. ఆమెకు గేటు కాడ పది నిమిషాల్ల బ్యాడ్జ్ వచ్చింది. నాదింక అప్రూవల్ కాలే. రెండు రాత్రులు గ్లవ్‌బాక్స్ ముంగట నిలబడి నమూనాలు చేసింది నేను. వనేడియం డబ్బాల పొడి పోసి, ఇండియం తీగ పెట్టి, మూత బిగిచ్చి, అరచేతుల్ల రబ్బరు గ్లవ్‌ల అచ్చులు పడ్డయ్. ఆ పెట్టె ఆమె చేతికిచ్చి నేను హోటల్‌ల కూసొని ల్యాప్‌టాప్‌ల గ్రాఫు కదులుతుంటే చూసిన. మూడు రోజులు. ఆమె మంచిదే, గంటకోసారి ఫోన్ చేసింది. అయినా ఏడుపొచ్చింది అన్నా, అబద్ధం ఎందుకు.

గోదారి అన్నా, మీ దగ్గర వీసా పిల్లలుంటే గీ ముచ్చట ముందుగాల జూడు.

గోదారి_గట్టు:
నా దగ్గర ఇద్దరు విద్యార్థులు. ఒకమ్మాయిది ఏలూరు, ఒకబ్బాయిది ఢాకా. ఇద్దరూ ఎఫ్-1. ఇది నా తలకే తట్టలేదు. థ్యాంక్స్ అమ్మా.

బీమ్‌లైన్_బాబాయ్:
పోరీ, నువ్వు చెప్పింది నేను ఏటా చూస్తాను. గేటు దగ్గర పిల్లల మొహాలు చూడలేం.

విదేశీ పౌరులెవరు వచ్చినా ముందుగా వివరాలు తీసుకుని పరిశీలన చేస్తారు. కొన్ని దేశాలకు ఇంకో పొర. 2025 మార్చిలో దక్షిణ కొరియాను ఆ సున్నిత దేశాల జాబితాలో పెట్టారని బయటికొచ్చినప్పుడు ఇజ్రాయెల్, తైవాన్, భారత్ పేర్లూ అందులో ఉన్నాయని పత్రికలు రాశాయి. జాబితాలో ఉంటే రావద్దని కాదు, చూసే కళ్లు ఎక్కువ, పట్టే వారాలు ఎక్కువ. అందుకే బీమ్ టైమ్ ఖాయం అయ్యేదాకా ఆగొద్దు. యూజర్‌గా నమోదై, పాస్‌పోర్టు, వీసా, ఐ-20, సీవీ అన్నీ ముందే ఎక్కించెయ్యాలి. పాస్‌పోర్టు రెన్యూ చేసుకుంటే ఆ కొత్త నంబరూ చెప్పాలి, అక్కడే చాలా ఫైళ్లు ఆగుతాయి. జీతం యూనివర్సిటీదే అయినా మీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు ముందే ఒక మాట చెప్పండి.

ఇంకో దారి, నమూనా పోస్టులో పంపడం. ఓక్ రిడ్జ్‌లో స్పలేషన్ న్యూట్రాన్ సోర్స్ అని, న్యూట్రాన్లు పుట్టించి నమూనాల మీదికి పంపే కేంద్రం ఉంది కదా, 2006లో మొదటి న్యూట్రాన్లు వచ్చాయి. అక్కడి పౌజెన్ అనే పౌడర్ యంత్రానికి పోస్టులో పంపే పద్ధతి ఉంది. నువ్వు పంపిన పొడి వాళ్లే పెట్టి, డేటా పంపిస్తారు. గేటు ఏడుపు ఉండదు.

విశాఖ_వోల్ట్:
పోస్టులో పంపితే పిల్లలు నేర్చుకునేదేముంది బాబాయ్? కవరు అంటించడమా?

బీమ్‌లైన్_బాబాయ్:
మొదటి డేటా వస్తుంది. మొదటి డేటా ఉంటేనే ప్రపోజల్‌కు ముఖం. నేర్చుకోవడం రెండో విడతలో.

గోదారి_గట్టు:
అసలు నాకు న్యూట్రాన్లే ఎందుకంటే, ఎక్స్‌రే ఎలక్ట్రాన్లను చూస్తుంది, లిథియంకు ఉన్నవి మూడే. పక్కన బరువైన పరమాణువులుంటే అది సరిగ్గా కనపడదు. న్యూట్రాన్ కేంద్రకాన్ని చూస్తుంది కాబట్టి లిథియం ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది. ప్రపోజల్‌లో ఇది రెండు పేజీలు రాశా.

బీమ్‌లైన్_బాబాయ్:
రెండు పేజీలు వద్దు, చదివేవాళ్లకు తెలుసు. ఒక పేరా చాలు. నువ్వు రాయాల్సింది రాయలేదేమోనని నా అనుమానం: మామూలు లిథియంలో 7.5 శాతం దాకా లిథియం-6 ఉంటుంది, అది న్యూట్రాన్లను మింగేస్తుంది. లిథియం-7 తో చేస్తావా, మామూలుదే వాడి నమూనా ఎక్కువసేపు పెడతావా? లిథియం-7 అయితే బడ్జెట్‌లో ఉందా?

గోదారి_గట్టు:
…లేదు. నాలుగో ఎక్సెల్ తెరుస్తున్నా.

తార్నాక_తాతయ్య:
పిల్లలూ, నేను హైదరాబాద్ నుంచి. రిటైరయ్యాను. ఈ చర్చ చదువుతుంటే పాత రోజులు గుర్తొచ్చాయి, రామాయణంలో పిడకల వేట అనుకోకపోతే చెబుతాను.

ల్యాబ్ డబ్బు ల్యాబ్ దారినే, మన డబ్బు మన దారినే అని మీరనుకుంటున్నారే, అదే పద్ధతి రెండు దేశాల మధ్య కూడా నడిచింది. 2010లో భారత్, అమెరికా కలిసి స్వచ్ఛ ఇంధన పరిశోధనకు ఒక ఉమ్మడి కేంద్రం పెట్టుకున్నాయి. 2012లో మూడు బృందాలను ఎంపిక చేశారు. సౌరశక్తికి బెంగళూరు ఐఐఎస్‌సీ, కొలరాడోలోని నేషనల్ ల్యాబ్ ఎన్ఆర్ఈఎల్. భవనాలకు అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ, బర్క్‌లీ ల్యాబ్. జీవ ఇంధనాలకు మా తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, ఫ్లోరిడా యూనివర్సిటీ. అయిదేళ్లకు అమెరికా ప్రభుత్వం 2.5 కోట్ల డాలర్లు, మన ప్రభుత్వం 2.5 కోట్ల డాలర్లు. వాళ్ల డబ్బు వాళ్ల సంస్థలకు, మన డబ్బు మన సంస్థలకు. సముద్రం దాటింది మనుషులు, డేటా మాత్రమే.

భవనాల బృందంలో మా ఐఐఐటీ కూడా ఉండేది. గచ్చిబౌలి వాళ్లకు బర్క్‌లీతో అంతకు ముందునుంచే పని ఉంది. హైదరాబాద్‌లో రెండు ఆఫీసు భవనాల కప్పులకు తెల్ల పూత వేసి కొలిచారు. నల్ల కప్పు తెల్లగా మారితే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్ల కరెంటు మిగిలిందని తేల్చారు. వినడానికి చిన్న సంగతి. ఏప్రిల్‌లో పై అంతస్తులో పడుకున్నవాళ్లను అడగండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మా వీధిలో మేస్త్రీ ఇప్పుడు సున్నం అనడం మానేసి కూల్ రూఫ్ అంటున్నాడు, రేటు పెంచాడు.

పాలమూరు_పోరి:
తాతా 😄 మా ఇంటిమీద మా నాయిన సున్నమే కొడ్తడు ఇప్పటికి.

బడ్జెట్_భారతి:
తాతయ్య గారూ, పిడకల వేట కాదండి. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు చెప్పడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ నాకు దొరకలేదు. వాడుకుంటాను.

విశాఖ_వోల్ట్:
నా పాత ప్రశ్న ఇంకా ఉంది. చిన్న రాష్ట్రాల యూనివర్సిటీలకని పెట్టిన డబ్బుతో చివరికి పెద్ద ల్యాబ్ పేరే పేపర్ మీద ముందు వస్తోంది. ఎప్స్‌కోర్ ఎందుకు పెట్టారు? 1979లో ఎన్ఎస్ఎఫ్ అయిదు రాష్ట్రాలతో మొదలుపెట్టింది: ఆర్కన్సా, మెయిన్, మోంటానా, సౌత్ కరోలినా, వెస్ట్ వర్జీనియా. డబ్బంతా నాలుగైదు రాష్ట్రాలకే పోతోందని కదా. ఇప్పటికీ ఎన్ఎస్ఎఫ్ నిధుల్లో 0.75 శాతం దాటని రాష్ట్రాలకే అర్హత. అలాంటి చోట సొంత యంత్రం కొనుక్కోమని ఇవ్వొచ్చు కదా, ల్యాబ్‌కు ప్రయాణం ఖర్చులివ్వడం దేనికి?

బీమ్‌లైన్_బాబాయ్:
ఏ యంత్రం కొంటావు? ఆ న్యూట్రాన్ సోర్స్ కట్టడానికి 140 కోట్ల డాలర్లయింది. ఓక్లహోమాలో ఒకటి, మోంటానాలో ఒకటి కడతారా? ఫలితాలు ప్రచురించేవాళ్లకు బీమ్ ఉచితం. ప్రపోజల్ నెగ్గితే చాలు, యేల్ అయినా మారుమూల కాలేజీ అయినా అదే వరస.

విశాఖ_వోల్ట్:
బీమ్ ఉచితం. బీమ్ దాకా తెలిసిన మనిషి ఉచితం కాదు. పక్క ఊళ్లో ఉన్న యూనివర్సిటీవాళ్లు మధ్యాహ్నం భోజనానికి ల్యాబ్ వాళ్లతో కూర్చుంటారు. నాక్స్‌విల్‌లోని టెన్నెసీ యూనివర్సిటీ, ఓక్ రిడ్జ్ కలిసి 2010లో బ్రెడెసెన్ సెంటర్ పెట్టి పీహెచ్‌డీలే ఇస్తున్నాయి. మేం విమానం ఎక్కాలి, మధ్యలో అట్లాంటాలో అయిదు గంటలు కూర్చోవాలి.

బీమ్‌లైన్_బాబాయ్:
అది ఒప్పుకుంటా. అందుకే ప్రయాణం ఖర్చు అడగమంటున్నా. విద్యార్థిని మూడు రోజులకు కాదు, ఒక వేసవంతా పంపేలా అడగండి. క్యాంటీన్‌లో కుదిరే పనులు మెయిల్లో కుదరవు.

గోదారి_గట్టు:
పెద్ద సెంటర్లలో చేరితే ఎలా ఉంటుంది? మా డీన్ ఈఎఫ్ఆర్‌సీ అంటారు ఎప్పుడూ.

బీమ్‌లైన్_బాబాయ్:
ఈఎఫ్ఆర్‌సీలంటే ఎనర్జీ ఫ్రాంటియర్ రీసెర్చ్ సెంటర్లు, 2009లో ఒకేసారి 46 వచ్చాయి, అయిదేళ్లకు 77.7 కోట్ల డాలర్లు. ఒక్కోదానికి ఏడాదికి 20 నుంచి 50 లక్షలు. వినడానికి పెద్ద అంకె, పది పన్నెండు మంది పీఐలు పంచుకుంటే నీ వాటాకు ఒక విద్యార్థి, సగం పోస్ట్‌డాక్. డీన్‌కు ఫోటో బాగుంటుంది. కానీ నీలాంటి కొత్తవాళ్లకు లాభం వేరే: ఏడాదికి రెండు మీటింగుల్లో నాలుగు ల్యాబుల వాళ్లు నీ పోస్టర్ ముందు నిలబడతారు.

ఇంకా పెద్దవి హబ్‌లు. 2012లో ఆర్గాన్ నాయకత్వంలో జేసీఈఎస్ఆర్ అనే బ్యాటరీ పరిశోధన కేంద్రం పెట్టారు, జార్జ్ క్రాబ్‌ట్రీ డైరెక్టర్, అయిదేళ్లకు 12 కోట్ల డాలర్లు. అయిదేళ్లలో అయిదు రెట్లు శక్తి, అయిదో వంతు ఖరీదు అని పెట్టుకున్నారు లక్ష్యం. అలాంటి బ్యాటరీ కొట్లోకి రాలేదు. కానీ అక్కడి పనిలోంచి ఫార్మ్ ఎనర్జీ లాంటి బ్యాటరీ కంపెనీలు పుట్టాయి. లక్ష్యం తప్పిందని నవ్వినవాళ్లనూ చూశా, అక్కడ తయారైన పిల్లలను ఎగబడి ఉద్యోగాల్లోకి తీసుకున్నవాళ్లనూ చూశా. ఒక్కోసారి ఇద్దరూ ఒకళ్లే.

బ్యాటరీ వాళ్లకు ఇంకో కిటుకు. ఆర్గాన్‌లో క్యాంప్ అని ఒక విభాగం ఉంది, ఎలక్ట్రోడ్లు తయారుచేసి బయటి పరిశోధకులకు కూడా ఇస్తుంది. నీ ఎలక్ట్రోలైట్ మంచిదా, ఎలక్ట్రోడ్ చెత్తదా అన్న గొడవ రివ్యూలో రాకుండా ఉండాలంటే వాళ్ల ఎలక్ట్రోడ్ మీద పెట్టి చూపించు.

గోదారి_గట్టు:
మూడు వారాల తర్వాత వచ్చాను, చెప్పకుండా పోయాననుకోవద్దు.

బాబాయ్ గారు చెప్పినట్టు ఆ శాస్త్రవేత్తకు మళ్లీ మెయిల్ రాశాను. ఈసారి అయిదు వాక్యాలే. ఆయన పోయినేడు వేసిన పేపర్లో ఒక నమూనాకు వేడి పెంచినప్పుడు డేటా గ్రాఫులో శిఖరాలు రెండుగా చీలడం చూపించి, కారణం తేలలేదని రాశారు. అదే తరహా పదార్థం మా దగ్గర స్వచ్ఛంగా వస్తోంది, రెండు గ్రాములు పంపమంటారా అని అడిగాను. నలభై నిమిషాల్లో ఫోనే చేశాడు. గంటా పది నిమిషాలు మాట్లాడాం. ఆ గంట ఏ కోడ్ మీద పడిందో నేనడగలేదు.

వోల్ట్ గారి మాట కూడా పెట్టాను. పని మూడు భాగాలు, ల్యాబ్ ఉన్నది ఒక్కదాన్లోనే, అది లేకపోయినా మిగతా రెండు నిలబడతాయి. ల్యాబ్ నుంచి రెండో పేరు కూడా రాయించాను, ఒకరు వెళ్లిపోతే ఇంకొకరు. ఆయన కొంచెం నవ్వి "నేనెక్కడికీ వెళ్లను" అన్నాడు.

విశాఖ_వోల్ట్:
మావాడూ అదే అన్నాడు.

గోదారి_గట్టు:
😂 అందుకే రాయించా.

మా గ్రాంట్స్ ఆఫీసులో ఎఫ్ఎఫ్ఆర్‌డీసీ అనగానే నిజంగానే పక్క గదిలోంచి ఒకావిడ వచ్చారు భారతి గారూ! కాంట్రాక్టింగ్ అధికారి పత్రం ల్యాబ్ వైపు నుంచి మొదలైంది. లిథియం-7 కొటేషన్ వచ్చింది, చూసి కాసేపు బయట తిరిగొచ్చాను. ఒక్క నమూనాకే అది, మిగతా వాటికి సోడియం పెడుతున్నా.

ఏలూరు అమ్మాయి, ఢాకా అబ్బాయి ఇద్దరి పత్రాలూ యూజర్ ఆఫీసుకు వెళ్లిపోయాయి, బీమ్ టైమ్ ఇంకా అడగనే లేదు.

బడ్జెట్_భారతి:
గడువుకు అయిదు పనిదినాల ముందు మీ ఆఫీసుకు పూర్తి ఫైలు ఇవ్వండి. అయిదు. నాలుగు కాదు.

పాలమూరు_పోరి:
అన్నా, ఏలూరు అక్కకు చెప్పుండ్రి, ఇండియం తీగ ముందుగాల చిన్నగ కోసి గ్లవ్‌బాక్స్‌ల పెట్టుకోవాలె. లోపల గ్లవ్‌లతోని కోయనీకి రాదు. నేను ఒక రాత్రంత గదే చేసిన.